గడప తొక్కని పదోవాడు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా పక్కింటి దీనమ్మత్త. ఆవిడ ఈ కథలో వచ్చే సిప్పోరమ్మకి సొంత కోడలు. అత్తగారి నోట విన్నది విన్నట్టే చెప్పేది. ఉప్పు కలపదు, కారం కలపదు. పడమటి వీధివాళ్ళు ఇదే కథని ఇంకోలా చెప్తారు. అది నువ్వు వినకు. ఇదుగో, ఇటు తిరిగి పడుకో అమ్మలూ. దుప్పటి కాళ్ళమీదకి లాక్కో. మధ్యలో ఊఁ కొట్టడం మానావంటే నేనూ ఆపేస్తాను.

అనగనగా సముద్రం ఒడ్డున గవ్వలమెరక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో వాళ్ళు ఆల్చిప్పలు ఏరుకొచ్చి, బట్టీలో కాల్చి, సున్నం చేసేవాళ్ళు. ఊరి చివర కొన్ని యూదుల ఇళ్ళు ఉండేవి. మాట తెలుగే, కూడు వరికూడే, చేపల పులుసూ మన పులుసే. శుక్రవారం పొద్దు గూకే వేళకి మాత్రం దీపాలు పెట్టి పనులు ఆపేసేవాళ్ళు. శనివారం బట్టీ రాజెయ్యరు, పొయ్యి ముట్టించరు.

వాళ్ళకి ఒక ప్రార్థన ఇల్లు ఉండేది. చిన్న పెంకుటిల్లు. అక్కడ ఒక నియమం ఉంది. ఎవరి ప్రార్థన వాళ్ళు ఇంట్లో ఒంటరిగా చేసుకోవచ్చు, దేవుడు వింటాడు. కానీ కొన్ని మాటలు ఉన్నాయి. అవి ఈడొచ్చిన మగవాళ్ళు పదిమంది చేరితేనే పైకి అనాలి. తొమ్మిదిమంది ఉంటే అనకూడదు.

పోయినవాళ్ళ కోసం అనే కద్దీషు కూడా అలాంటిదే. అందులో చావు ఊసే ఉండదు, అంతా దేవుడి గొప్పే ఉంటుంది. ఒకడు అంటూ ఉంటే మిగతావాళ్ళు ఆమేన్ అనాలి. ఆమేన్ అనే జనం లేకపోతే ఆ మాట నోట్లోనే ఉండిపోవాలి.

ఇంకో సంగతి. వాళ్ళు మనుషుల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టరు. మనుషులేమైనా కొబ్బరికాయలా? పది మాటలున్న వాక్యం ఒకటి ఉంది వాళ్ళకి. పెద్దాయన ఒక్కొక్కరి మొహంలోకి చూసి ఒక్కొక్క మాట అంటాడు. వాక్యం నిండితే పదిమందీ ఉన్నట్టు. ఆ చివరి మాటకి అర్థం 'ఎల్లకాలం' అని. ఇది గుర్తు పెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఆ ఇల్లు కట్టింది బెసలేలు. తాపీమేస్త్రీ. ఆయన కట్టిన గోడకి తాడు పట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. ఆ ఇంటికి సున్నం ఇచ్చింది గమలియేలు. బట్టీ ఆయనదే. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఆ గమలియేలు కూతురే మన సిప్పోరమ్మ. ఆయనకి మగపిల్లలు లేరు. ఈ ఒక్కతే. అందుకని అల్లుడు నఫ్తాలిని ఇల్లరికం తెచ్చుకున్నాడు. నఫ్తాలి మెతక మనిషి. ఈగ వాలినా తోలడానికి మొహమాటపడేవాడు.

బెసలేలు ఆ ఇంటికి పడమటి గోడలో ఒక కిటికీ పెట్టాడు. ఎందుకూ? ఎరూషలేము మనకి పడమర కదా. వాళ్ళు అటు తిరిగే ప్రార్థన చేస్తారు. వాళ్ళ పవిత్ర గ్రంథపు చుట్ట ఉండే పెట్టె కూడా ఆ గోడకే ఉంటుంది. పెట్టె పక్కన కిటికీ. దాన్ని బెసలేలు ఎంత ముచ్చటపడి పెట్టాడో చెప్పలేను. పైన కమాను తిప్పి, చుట్టూ సున్నంతో తీగ దిద్దాడు.

అంతా బాగానే ఉంది. అయితే ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా గమలియేలు బట్టీ ఉంది. పడమటి గాలి తిరిగిందంటే పొగంతా లోపలికే. ప్రార్థన సగం, దగ్గు సగం.

"కిటికీ మూసెయ్యి," అన్నాడు గమలియేలు.

"బట్టీ జరుపు," అన్నాడు బెసలేలు.

అలా అనుకుంటూనే రెండు వానాకాలాలు గడిపారు. అప్పుడు ఒకసారి బెసలేలు పొరుగూరికి మేడ కట్టడానికి వెళ్ళాడు. ఆయన లేని సమయం చూసి గమలియేలు ఆ కిటికీని ఇటికలు పేర్చి మూసేశాడు. పైన సున్నం కొట్టేశాడు. తీగా లేదు, కమానూ లేదు, చదునైన గోడ.

బెసలేలు తిరిగొచ్చాడు. శనివారం ప్రార్థనకని తలకి గుడ్డ చుట్టుకుని వచ్చినవాడు, వీధిలోంచి గోడ చూసి ఆగిపోయాడు. జనమంతా చూస్తున్నారు. గమలియేలు గడప లోపల, ఈయన గడప బయట. "నా కిటికీ మూసిన ఇంటి గడప బతికుండగా తొక్కను," అని దేవుడి పేరు పెట్టి ఒట్టేశాడు. వేసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ జనంలో దేవుడి పేరు మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. గోడలో మేకు దిగినట్టే.

ఆ తర్వాత గమలియేలు బట్టీని కాలవ అవతలికి మార్చుకున్నాడు. పొగ పోయింది. దగ్గులు పోయాయి. కానీ మూసిన కిటికీ మూసినట్టే ఉంది. బెసలేలు వచ్చి అడుగుతాడని ఈయన చూశాడు. ఈయన తెరిచి పిలుస్తాడని ఆయన చూశాడు. ఇద్దరికీ తలలు నెరిసిపోయాయి. వీధిలో ఎదురుపడితే ఒకరు సముద్రం వైపు చూసేవారు, ఒకరు ఆకాశం వైపు చూసేవారు. బెసలేలు లేకపోయినా ప్రార్థన ఇంట్లో పదిమందికి లోటు లేదు కాబట్టి పెద్దలెవరూ పట్టించుకోలేదు. ఊఁ అంటున్నావా?

అప్పుడు గమలియేలు జబ్బుపడ్డాడు. పోయే ముందు కూతురి చెయ్యి పట్టుకుని, "నాకు కొడుకుల్లేరమ్మా. నఫ్తాలి చేత నా కద్దీషు అనిపించు," అన్నాడు. సిప్పోరమ్మ సరే అంది.

మట్టి చేసిన రోజు పక్క లంకల్లోని చుట్టాలు పడవల మీద వచ్చారు. బెసలేలు కూడా వచ్చి తాడిచెట్ల అవతల నిలబడి వెళ్ళాడు. ఆ రోజు కద్దీషు అన్నారు. చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు హిజ్కియా పెద్దయ్య, ఆయనే ప్రార్థన నడిపే పెద్ద, ప్రార్థన ఇంట్లో పది మాటల వాక్యం మొదలుపెట్టాడు. తొమ్మిది మాటలకి తొమ్మిది మొహాలు దొరికాయి. పదో మాటకి ఎవరూ లేరు. గమలియేలు చోటు ఖాళీ. 'ఎల్లకాలం' అన్న మాట పెద్దయ్య నోట్లోనే ఆగిపోయింది.

ఆ రోజు మొదలు రోజూ అంతే. సిప్పోరమ్మ ఆడవాళ్ళ వైపు తెర వెనక కూర్చుని ఆ లెక్క వినేది. ఎప్పటికప్పుడు తొమ్మిది మాటలు, ఆపైన నిశ్శబ్దం. నఫ్తాలి నోరు తెరవబోయి మూసుకునేవాడు. మట్టి చేసిన రోజు తప్పిస్తే ఏడాదంతా తండ్రి కద్దీషు ఒక్కసారి కూడా పడలేదు. ఏడాది తిరిగి ఆయన పోయిన తిథి దగ్గరికొచ్చింది. ఆ రోజైనా పడకపోతే తండ్రికిచ్చిన మాట నీళ్ళల్లో కలిసినట్టే. పక్క లంకల నుంచి మనుషుల్ని తెద్దామంటే కాలవలు పొంగి పడవలు ఆగిపోయాయి.

అప్పుడు సిప్పోరమ్మ హిజ్కియా పెద్దయ్యని బతిమాలి బెసలేలు ఇంటికి పంపింది. అది మొదటి ప్రయత్నం.

బెసలేలు అరుగు మీద కూర్చుని తాపీకి పట్టిన తుప్పు గీకుతున్నాడు.

"ఒట్టు విప్పుకోడానికి దారి ఉంది బెసలేలూ," అన్నాడు పెద్దయ్య. "ముగ్గురం కూర్చుంటాం. ఆ రోజు అలా అన్నందుకు ఇప్పుడు బాధగా ఉందని ఒక్క మాట అను. విప్పేస్తాం."

"బాధగా లేదే."

"అబ్బా, నోటితో అనవయ్యా. నీ సొమ్మేం పోయింది?"

"ముగ్గురు పెద్దల్ని కూర్చోబెట్టి అబద్ధం ఆడమంటావా? ఒట్టు చాలక అదొకటి కూడానా?"

బెసలేలు అన్నది న్యాయమే. బాధ లేనివాడికి ఒట్టు విప్పకూడదు. పెద్దయ్య కండువా దులుపుకుని వచ్చేశాడు.

ఆ తర్వాత తిథి రోజు వచ్చింది. పొద్దున్నే అందరూ చేరారు. అప్పుడు పెద్దయ్యకే ఒక ఆలోచన పుట్టింది. "మనం తొమ్మిదిమందిమి. గ్రంథం ఉన్న పెట్టెని పదోదిగా పెట్టుకుందామా? పూర్వం ఎవరో అలా అన్నారని విన్నాను," అన్నాడు. అది రెండోది.

జెబులూను అని ఒకడున్నాడు, వల నేసేవాడు, నోరు ఊరుకోదు. "పెట్టెని లెక్కేస్తే మా గేదెని కూడా తోలుకొస్తా పెద్దయ్యా. అది కనీసం అరుస్తుంది," అన్నాడు.

అందరూ నవ్వారు. నఫ్తాలి కూడా నవ్వబోయి తెర వైపు చూసి మానుకున్నాడు. పెద్దయ్య పుస్తకం తీసి తిప్పి తిప్పి చూశాడు. ఆ పూర్వం అన్నవాళ్ళని కూడా ఎవరో అప్పుడే అడిగారట, పెట్టె మనిషా అని. పుస్తకం మూసేశాడు. పొద్దుటి ప్రార్థన అలా కద్దీషు లేకుండానే అయిపోయింది.

ఇంక మిగిలింది సాయంత్రం ప్రార్థన ఒక్కటే. వాళ్ళకి పొద్దు గూకితే రోజు మారిపోతుంది. పొద్దు ఉండగానే పడాలి, లేకపోతే లేదు.

సిప్పోరమ్మ ఇంటికి పోలేదు. మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. వెలిశాక ఆవిడ ప్రార్థన ఇంటి చుట్టూ తిరుగుతూ పడమటి గోడ దగ్గర ఆగింది.

తెల్లటి గోడ మీద ఎర్రటి చార ఒకటి కారుతోంది. కిటికీ ఉన్న చోట, పైన కమాను వంపు ఎలా ఉండేదో అలాగే గీసినట్టుగా, సున్నం కరిగి లోపల నుంచి బురద కారుతోంది.

ఆవిడకి తండ్రి గుర్తొచ్చాడు. ఏటా కొత్త సంవత్సరం పండక్కి ముందు ఇల్లంతటికీ వేరేవాళ్ళు సున్నం వేసేవాళ్ళు. ఆ ఒక్క చోట మాత్రం ఆయనే వేసేవాడు. ఇంకెవర్నీ కుంచె పెట్టనిచ్చేవాడు కాదు. అల్లుడు వెళ్ళి అందుకోబోతే, "నువ్వు కారుస్తావు, పక్కకి పో," అనేవాడు. రెండు పూతలు, మూడు పూతలు, మందంగా వేసేవాడు. ఈ ఏడు ఆయన లేడు. ఎవరూ వెయ్యలేదు. అందుకే వానకి కరిగింది.

సిప్పోరమ్మ వేలితో ఆ చారని తీసి నలిపింది. సున్నం కాదు. ఇసుకా కాదు. కాలవ గట్టు మీది బంకమట్టి. ఇటిక పట్టుకుని కదిపింది. ఊడి చేతిలోకి వచ్చేసింది, పాలపన్ను ఊడినట్టు.

ఆ ఇటికని కొంగులో పెట్టుకుని బెసలేలు ఇంటికి నడిచింది. అది మూడోది.

"రమ్మని అడగడానికి వచ్చావా?" అన్నాడు బెసలేలు.

"కాదు బాబాయ్. ఇది చూడు," అంది.

ఆయన ఇటికని అందుకుని తిప్పాడు. అంచుకి అంటుకున్న మట్టిని బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు. నాలిక మీద కూడా వేసుకున్నాడట, దీనమ్మత్త చెప్పింది.

"ఎక్కడిదిది?"

"నీ కిటికీది."

"ఇది మట్టి."

"అవును బాబాయ్."

"సొంత బట్టీ ఉన్నవాడు. ఊరందరి గోడలకీ సున్నం అమ్మినవాడు. మట్టి పెట్టి కట్టాడా?"

సిప్పోరమ్మ ఇటిక అంచు వైపు చూపించింది. చెప్పక్కర్లేదు కూడా. సున్నం పెట్టి కట్టిన గోడ రాయైపోతుంది, పగలగొడితే తప్ప రాదు. మట్టితో పేర్చిన గోడ తియ్యడానికి పేర్చినట్టే. ఆ ఊళ్ళో చంటిపిల్లకైనా తెలుసు ఆ సంగతి. బెసలేలుకి తెలియదా? కానీ కోపంతో ఆయన ఆ గోడ దగ్గరికి ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోలేదు. పోయి గోటితో గీకి ఉంటే అప్పుడే తెలిసేది.

ఆయన తాపీ తీసుకుని లేచాడు. నేరుగా ఆ గోడ వైపు నడిచాడు. సిప్పోరమ్మ వెనక నడిచింది.

గోడ దగ్గరికి వచ్చేసరికి లోపల తొమ్మిదిమందీ చేరారు. సిప్పోరమ్మ ఇంకో ఇటిక మధ్యలోంచి లాగబోయింది.

"అలా లాగితే నెత్తిన పడుతుంది. పక్కకి జరుగు," అన్నాడు బెసలేలు. పైవరస నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క ఇటికా తీసి, మట్టి దులిపి కింద పేర్చాడు. ఆయన పని ఆయనదే. కూల్చేటప్పుడు కూడా వరస తప్పడు. ముందు కమాను బయటపడింది. ఆ తర్వాత చుట్టూ దిద్దిన తీగ బయటపడింది. దాని మీద ఒక్క పెచ్చు ఊడలేదు. ఇటికకీ తీగకీ మధ్య గమలియేలు తాటాకు చుట్టి పెట్టాడు, రాసుకోకుండా.

ఆ తాటాకు చూసి బెసలేలు చేతులు ఆగాయి.

లోపల ఎండ పడింది. అందరూ తిరిగి చూశారు. హిజ్కియా పెద్దయ్య ఏదో అనబోయాడు. అప్పుడు సిప్పోరమ్మ బయట నిలబడే గట్టిగా అంది. "పెద్దయ్యా, గడప బయట ఉన్నా, కిటికీలోంచి మొహం కనిపిస్తే వాడూ పదిలోకి వస్తాడని మా నాన్న అనేవాడు. నిజమో కాదో పుస్తకం చూడు."

పెద్దయ్య పుస్తకం తీశాడు. కాయితాలు తిప్పాడు. ఒక చోట వేలు ఆపి, తల ఊపాడు. "ఉంది," అన్నాడు.

అందరూ కిటికీ వైపు చూశారు. కిటికీలో ఎవరూ లేరు. చివరి ఇటిక తీసిన బెసలేలు పక్కకి జరిగి, గోడకి ఆనుకుని, చేతులు పంచెకి తుడుచుకుంటున్నాడు. ఎండ తాడిచెట్ల మధ్యకి దిగిపోతోంది.

లోపల పెద్దయ్య పది మాటల వాక్యం మొదలుపెట్టాడు. ఒక్కొక్క మాట బయటికి వినిపిస్తోంది. సిప్పోరమ్మకి బెసలేలు చెయ్యి పట్టుకుని లాగాలనిపించింది. లాగలేదు.

"మీ నాన్న నా గురించి ఏమైనా అన్నాడా, పోయే ముందు?" అని అడిగాడు బెసలేలు, నేల చూస్తూ.

అన్నాడని చెప్తే ఆ క్షణంలో పని అయిపోయేది. కానీ ఆవిడ గమలియేలు కూతురు, అబద్ధం ఆడదు. "ఏమీ అనలేదు బాబాయ్," అంది. "ఇక్కడ సున్నం మాత్రం ఏటా తనే వేసుకున్నాడు."

లోపల తొమ్మిది మాటలు అయ్యాయి. ఏడాదిగా ఆగినట్టే పెద్దయ్య ఆగాడు.

బెసలేలు ఒక అడుగు పక్కకి వేశాడు. కిటికీ అంచు మీద మోచేతులు ఆనించాడు. మట్టి కొట్టుకున్న మొహం లోపలికి పెట్టాడు.

"ఎల్లకాలం," అన్నాడు పెద్దయ్య, ఆ మొహంలోకి చూసి.

అప్పుడు సాయంత్రం ప్రార్థన నడిచింది. ఆ తర్వాత నఫ్తాలి లేచి కద్దీషు మొదలుపెట్టాడు. మొదటి మాటలు తడబడుతూ అన్నాడు. ఆమేన్ అన్నారు. రెండోసారికి గొంతు నిలబడింది. ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా కిటికీలోంచి వచ్చింది ఆ మాట. ఎర్రటి పొద్దు ఇంకా తాడిమట్టల మీద ఉంది.

ఆ తర్వాత కూడా బెసలేలు ఆ గడప తొక్కలేదు. పెద్దయ్య మళ్ళీ ఒట్టు విప్పుతానంటే, "ఇప్పుడు బాధ ఉంది. అయినా ఒట్టు ఉండనీ. కిటికీకి ఒక మనిషి ఉండాలిగా," అన్నాడట. బతికినన్నాళ్ళూ రోజూ ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. వాన వస్తే సిప్పోరమ్మ పక్కన తాటాకు గొడుగు పట్టేది. ఆయన మోచేతులు ఆనిన చోట సున్నం అరిగి నున్నగా గుంట పడింది. చెయ్యి పెట్టి చూశాను నేను.

ఏంటీ? సిప్పోరమ్మని పదిలో వెయ్యరా అనా? వెయ్యలేదు తల్లీ. అక్కడి నియమం అది, దాని జోలికి నేను పోను. ఇప్పుడు కొన్ని చోట్ల ఆడవాళ్ళనీ లెక్కలో వేస్తున్నారట. మంచిదే.

నా బాధ వేరు. ఆ కిటికీ పైన ఇప్పుడు రంగుబల్ల కొట్టారు. 'ఈ కిటికీ తెరిపించినవారు హిజ్కియా పెద్దలు' అని. పడమటి వీధివాళ్ళు, ఆయన మనవలు, రాయించారు. హిజ్కియా మంచివాడే. వాక్యం చెప్పాడు, పుస్తకం చూశాడు. ఇటిక మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. నేను వెళ్ళి ఆ మాటే అంటే, "నీకు చదవడం రాదు కదా పెద్దమ్మా, నీకెందుకు బల్ల సంగతి," అన్నారు. అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు నాకు, నిజమే. సిప్పోరమ్మ పేరు అక్కడ లేదని చూడ్డానికి ఆ మాత్రం చాలు. పది మాటల్లో ఆవిడకి చోటు లేకపోతే పోయింది. అంత బల్ల మీద ఒక్క పేరుకి చోటు లేదా?

నువ్వు పడుకో. పెద్దయ్యాక నీకు చదువొస్తుంది, రంగుడబ్బా నేను కొనిపెడతాను. ఈలోగా ఇది విన్నవాళ్ళెవరైనా ఆ దారిన పోతే కాస్త చూడండి.

పదో మాట మొహం చేరె,
పాత కోపం మట్టి చేరె,
కథేమో కంచి చేరె,
మనమేమో మంచం చేరె,
బల్ల మీది పేరు మాత్రం
సరిచెయ్యాలి మీరే.